నలభై రెట్ల వెలుగు

కదీర్‌కుల్ పిలిచాడంటే ఉంసునైకి ఒళ్ళు మండుతుంది. పిలవకపోయినా మండుతుంది. పదకొండేళ్ళుగా ఆ మంట ఆరిపోకుండా కాపాడుకుంటూ వచ్చింది. ఇంట్లో పొయ్యి మీద పాలు మరిచిపోయిన రోజులున్నాయి గానీ, ఈ మనిషి తనకు చేసిన అన్యాయం గుర్తుకు రాని రోజు ఒక్కటీ లేదు.

అలాంటిది ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున ఆయన ఆమెను తన గదిలోకి పిలిచి, కూర్చోమని, స్వయంగా టీ పోసి ఇచ్చాడు. బిష్కెక్‌లోని ఆ పశువ్యాధుల పరిశోధన సంస్థలో అకాడెమీషియన్ కదీర్‌కుల్ ఇంకొకరికి టీ పోయగా చూసినవాళ్ళు లేరు. అదీ కప్పు నిండా, అంచు దాకా పోశాడు. కిర్గిజ్ మర్యాదలో సగం కప్పే పోయాలి, అంచు దాకా పోస్తే తాగి వెళ్ళిపొమ్మని అర్థం. అరవై నాలుగేళ్ళ జన్మలో ఎవరికీ టీ పోయనివాడికి ఆ సంగతెలా తెలుస్తుంది? ఉంసునై కప్పు వైపు చూసింది, ముట్టుకోలేదు.

అల్మాటీ నుంచి ఉత్తరం వచ్చిందని ఆయన చెప్పాడు. అక్కడి ప్రయోగశాలలో మరియాష్ అనే ఆవిడ వీళ్ళ పాత ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూసిందట. మూడుసార్లు చేసినా వెలుగు రాలేదట. వీళ్ళ డీఎన్ఏ కొంచెం పంపమనీ, నోటు పుస్తకాల నకళ్ళు పంపమనీ మర్యాదగానే అడిగింది. మర్యాదగా అడిగినందుకే కదీర్‌కుల్‌కు ఎక్కువ కోపం వచ్చినట్టుంది.

"ఆవిడకి చేతకాలేదు, అంతే. నువ్వొకసారి నీ చేత్తో చేసి అంకెలియ్యి. మొహాన కొడదాం," అన్నాడు.

"నా చేత్తో ఎందుకు అగాయ్? పని మీది కదా. అచ్చులో మీ పేరేగా ఉంది," అంది ఉంసునై. అగాయ్ అంటే గురువుగారు. సంస్థలో అందరూ ఆయన్ను అలాగే పిలుస్తారు. ఉంసునై కూడా పిలుస్తుంది, పళ్ళు బిగించి.

"మళ్ళీ మొదలెట్టావా? చెయ్యి నీది, తల నాది. ఎన్నిసార్లు చెప్పాలి?"

ఎన్నిసార్లు చెప్పినా ఆమె ఒప్పుకోలేదు, ఒప్పుకోదు. ఎందుకంటే తల కూడా ఆమెదే.

ఆవులకు రక్తంలో కాన్సర్ తెచ్చే వైరస్ ఒకటుంది. కిర్గిజ్ మందల్లో అది కొత్తదేం కాదు. ఆ వైరస్ చేసే ఒక ప్రోటీన్ గురించే ఈ గొడవంతా. కణం చాలా పద్ధతిగా బతుకుతుంది. బయట ఏదైనా జరిగితే, గోడలో కాపలా ఉన్న అణువు లోపలివాడికి కబురు చెబుతుంది. వాడు పక్కవాడికి చెబుతాడు, వాడు ఇంకొకడికి. అలా చేతులు మారి మారి కబురు కేంద్రకానికి చేరితే, అప్పుడు అక్కడ మూసి ఉన్న జన్యువు తెరుచుకుంటుంది. వైరస్ ప్రోటీన్ ఈ వరుస మధ్యలో దూరుతుంది. బయట ఏమీ జరగకపోయినా జరిగిందని కబురు నడిపిస్తుంది. కణం పాపం నమ్ముతుంది. నమ్మి, తెరవకూడని జన్యువులు తెరుస్తుంది, పెరగకూడనంత పెరుగుతుంది. ఆ హడావిడిలో వైరస్ తన పని కానిచ్చుకుంటుంది. దాని ఒంట్లో నుంచి ఒక్క చెమట చుక్క కారదు. ఈ విద్య ఎలా ఉంటుందో ఉంసునైకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అలాంటివాడి కిందే ఉద్యోగం చేస్తోంది.

పదకొండేళ్ళ కిందట, ఇస్సిక్‌కుల్ ఒడ్డు మందల నుంచి తెచ్చిన వైరస్ మీద ఆమె పని చేస్తుండేది. మిగతా దేశాల రకం కన్నా ఈ రకం తాలూకు ప్రోటీన్ తేడాగా ఉందని ఆమెకే అనుమానం వచ్చింది. కణం మీదికి సూక్ష్మజీవులు వచ్చి పడినప్పుడు మోగే ప్రమాద గంట ఒకటుంటుంది కదా, ఇది ఆ దారినే పట్టుకుంటోందేమో అనుకుంది. చూడటానికి మార్గం ఉంది. ఆ దారి చివర మిణుగురు పురుగు జన్యువును అతికిస్తారు. దారి తెరుచుకుంటే కణం వెలుగుతుంది. ఎంత వెలిగిందో యంత్రం అంకెలో చెబుతుంది. వైరస్ జన్యువున్న డీఎన్ఏ ఉంగరాలను ప్లాస్టిక్ పలక మీది కొన్ని గుంటల్లో ఉన్న ఆవు తెల్ల రక్తకణాలకిచ్చి, ఏ జన్యువూ లేని ఖాళీ ఉంగరాలను పక్క గుంటల్లోని కణాలకిచ్చి, రెండిటినీ పోల్చింది. నలభై రెట్లు. నాలుగు రెట్లు వస్తేనే పండగ చేసుకునే చోట నలభై రెట్లు వచ్చింది.

ఆమె పరుగున పోయి కదీర్‌కుల్‌కు చూపించింది. అదీ ఆమె చేసిన తెలివితక్కువ పని. ఎనిమిది నెలలకు వ్యాసం అచ్చయింది, ఒకే ఒక్క పేరుతో. ఉంసునై పేరు చివర్లో, కృతజ్ఞతల్లో, ఫ్రీజర్ బాగుచేసిన వాడి పేరు తర్వాత ఉంది. ఆ వ్యాసమే ఆయనకు అకాడెమీ పీఠం తెచ్చింది. విందు చేశారు, గొర్రెను కోశారు. పెద్దలకిచ్చే తుంటి ఎముక ఆయన పళ్ళెంలో పడింది. ఉంసునై గుమ్మం పక్కన టీ నీళ్ళు మరిగే సమోవార్ దగ్గర కూర్చుని, వచ్చిన నలభై మందికీ సగం సగం కప్పులు టీ పోసింది.

ఆ రోజు నుంచి ఆమె ఊరుకోలేదు. ప్రతి సమావేశంలో లేచి, ఆ పని నాది అంది. మొదట్లో జనం తల దించుకునేవారు. తర్వాత గడియారం చూసుకునేవారు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. సంస్థ శాస్త్ర సభ కార్యదర్శి ఇమానాలీ అయితే, ఆమె లేవబోతుంటేనే కలం పక్కన పెట్టేసేవాడు. "చెల్లెమ్మా, ఇది పోయిన నెల రాసుకున్నాను. ఈ నెల కొత్తగా ఏమన్నా పోయిందా?" అనేవాడు. ఆమె భర్త బతికి ఉన్నప్పుడు వేరే ఉద్యోగం చూసుకోమని పోరు పెట్టాడు. వెళ్ళిపోతే ఆ పని నిజంగానే ఆయనదైపోతుందని ఆమె వెళ్ళలేదు.

అందుకని ఆ సోమవారం, ముట్టుకోని టీ కప్పు ముందు కూర్చుని, ఆమె బేరం పెట్టింది. చేస్తాను, వెలుగు వస్తే అల్మాటీకి వెళ్ళే జవాబులో నా పేరు మొదట ఉండాలి అంది. చూద్దాం అన్నాడాయన. చూద్దాం కాదు, మాటివ్వండి అంది. కదీర్‌కుల్ కిటికీలోంచి మంచు వైపు చూసి, సరే అన్నాడు. అవసరం పడితే ఆ మనిషి ఎంత తేలిగ్గా సరే అంటాడో చూసి ఆమెకు ఇంకా కడుపు మండింది.

ఉంసునై చేతుల గురించి ఒక మాట చెప్పాలి. ఆ సంస్థలో ఆమె చేతులంటే గౌరవం ఉండేది, ఆమె నోరంటే లేకపోయినా. డీఎన్ఏ ఉంగరాలను బాక్టీరియాలో పెంచుతారు. తర్వాత బాక్టీరియాను పగలగొట్టి, వడపోత గొట్టాల గుండా పంపి శుభ్రం చేస్తారు. ఆ గొట్టాలు బయటి దేశం నుంచి రావాలి. కాగితాలూ కస్టమ్సూ దాటి వచ్చేసరికి ఏడు నెలలు. ఒక్కసారి వాడి పారేయమని పెట్టె మీద రాసి ఉంటుంది. ఏడు నెలలు ఎదురుచూసి తెచ్చుకున్న దాన్ని ఒక్కసారి వాడి పారేసే ఆడది కిర్గిజ్ గడ్డ మీద ఇంకా పుట్టలేదు. ఉంసునై వాటిని ఆమ్లంలో నానబెట్టి, కడిగి, కిటికీ గట్టు మీద ఆరబెట్టి, తొమ్మిదేసి సార్లు వాడే పద్ధతి కనిపెట్టింది. మిగతా విభాగాల వాళ్ళు వచ్చి నేర్చుకుని పోయారు. ఆమెను మెచ్చుకున్నది ఎప్పుడైనా ఉందంటే ఆ గొట్టాలకే.

ఇక ఖాళీ ఉంగరాల సంగతి. అవి మాత్రం ఆమె ఎప్పుడూ తయారు చేయలేదు. ఎప్పుడో జర్మనీ నుంచి వచ్చిన అతిథి ఒకాయన చిన్న సీసా బహుమతిగా ఇచ్చి వెళ్ళాడు. అతిథి ఇచ్చింది, అందులోనూ అద్దంలాంటి సరుకు. దాన్ని ఫ్రీజర్‌లో అడుగున దాచి, పోలిక చూసే గుంటలకు మాత్రమే, చుక్కలు లెక్కపెట్టి వాడుతూ వచ్చింది. పోలికకు పెట్టేది మచ్చలేనిదై ఉండాలి కదా అని ఆమె ఉద్దేశం.

ప్రయోగం రెండు వారాల్లో అయింది. ముప్పై ఎనిమిది రెట్లు. ఉంసునై ఆ అంకెను చూసి పకపకా నవ్వింది. మళ్ళీ చేసింది. నలభై రెండు. మరియాష్ మొహం ఎలా ఉంటుందో ఆమె చూసి ఉండలేదు గానీ, ఆ మొహాన ఈ అంకెలు కొడుతున్నట్టు ఊహించుకుని రెండు రోజులు హాయిగా గడిపింది.

మూడో రోజు ఉత్తరాన్ని ఇంకోసారి చదివింది, ఎక్కడ దెబ్బ కొట్టాలో చూసుకుందామని. చివర్లో మరియాష్ ఒక చిన్న ప్రశ్న వేసింది. వైరస్ జన్యువు మొదట్లోనే ఆగిపొమ్మనే గుర్తు పెట్టి, ప్రోటీన్ తయారు కాకుండా చేసి, అప్పుడు వెలుగు ఆరిపోతుందో లేదో మీరు చూశారా అని. చూడలేదు. పదకొండేళ్ళ కిందట అంత దాకా ఎవరూ అడగలేదు. ప్రోటీన్ లేకపోతే వెలుగు రాదు, అది పిల్లలకు కూడా తెలుసు. మనల్ని పిల్లల కింద జమకట్టింది ఈవిడ అని ఉంసునైకి చిర్రెత్తుకొచ్చింది. సరే, ఆ సరదా కూడా తీరుద్దాం అనుకుంది. ఆ మాట అనుకోకుండా ఉంటే ఆమె బతుకు ఇంకోలా ఉండేది.

ఆగే గుర్తు పెట్టిన జన్యువు సిద్ధం చేయడానికి మూడు వారాలు పట్టింది. ప్రోటీన్ నిజంగానే తయారు కావడం లేదని పరీక్ష చేసి నిర్ధారించుకుంది. గుంటల్లో వేసి, పలకను యంత్రంలో పెట్టింది. నలభై ఒకటి.

గుంటలు తారుమారు చేశాననుకుంది. మళ్ళీ చేసింది. ముప్పై తొమ్మిది.

ప్రోటీన్ లేదు. వెలుగు ఉంది. ఉంసునై స్టూలు మీద కూర్చుండిపోయింది. తర్వాత లేచి, ఇంతవరకు తన పద్ధతిలో ఎప్పుడూ తయారు చేయని దాన్ని తయారు చేసింది. ఏ జన్యువూ లేని ఖాళీ ఉంగరాలను తన బాక్టీరియాలో పెంచి, తన గొట్టాల్లో, తను కడిగి ఆరబెట్టిన గొట్టాల్లో, శుభ్రం చేసింది. కణాలకిచ్చింది. ముప్పై ఏడు రెట్లు వెలిగింది. అతిథి ఇచ్చిన ఖాళీ ఉంగరాలు ఎప్పటిలాగే చీకటిగా ఉన్నాయి.

అంతే. ఇంకే పరీక్షా అక్కర్లేదు. పగిలిన బాక్టీరియా గోడల పెంకులు ఆ గొట్టాల్లోంచి ఉంగరాలతో పాటు జారి వస్తున్నాయి. కొత్త గొట్టమైతే పట్టి ఆపేది, కడిగి కడిగి అరిగిన గొట్టం ఆపలేదు. ఆవు తెల్ల కణాలకు ఆ పెంకు వాసన తగిలితే చాలు, సూక్ష్మజీవులు వచ్చి పడ్డాయని గంట మోగించేస్తాయి. అదే దారి, అదే గంట. వైరస్ ప్రోటీన్ ఆ దారిని పట్టుకోవడం లేదు. పట్టుకుంటోందని పదకొండేళ్ళుగా అందరూ అనుకున్న వెలుగు, ఉంసునై గొట్టాల మురికి.

ఆమెకు మొదట సిగ్గేసింది. పొయ్యి ముందు కూర్చున్నట్టు మొహం వేడెక్కిపోయింది. ఆ తర్వాత వచ్చింది సిగ్గు కాదు, ఇంకేదో. పదకొండేళ్ళు. ఆఖరి ఏడాది భర్త పక్కన కూర్చోవలసిన సాయంత్రాలు కూడా ఈ పగతోనే గడిపింది. తన సొమ్ము పట్టుకుపోయాడని రోజూ తిట్టుకుంది. తీరా చూస్తే వాడు పట్టుకుపోయిన మూటలో ఏమీ లేదు. ఆ పూట ఆమెకు కదీర్‌కుల్ మీద ఉన్నంత అసహ్యం తన చేతుల మీద కలిగింది. అయినా ఆయన మీద ఉన్నది ఒక్క వీసం కూడా తగ్గలేదు. మనసు అలాంటిది.

బుధవారం పొద్దున ఆమె ఆయన గదికి వెళ్ళింది. తలుపు తీయగానే కదీర్‌కుల్ నవ్వుతూ ఒక కాగితం ముందుకు తోశాడు. అల్మాటీకి జవాబు. మర్నాడు గురువారం పది గంటలకు శాస్త్ర సభ దాన్ని ఆమోదించాలి. కింద రెండు పేర్లున్నాయి. మొదటిది ఉంసునై. అచ్చు అక్షరాల్లో, ఇంటిపేరుతో సహా. దాని కింద ఆయనది.

ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. నోరు మూసుకుని తీసుకుంటే చాలు. పదకొండేళ్ళుగా అడిగింది అదే. మరియాష్‌కు అంకెలు పంపుతారు, ఆవిడకు చేతకాలేదని నలుగురూ అనుకుంటారు, ఉంసునై ఆ పని చేసిన మనిషిగా మిగులుతుంది. ఒక్క మాటలో చెప్పాలంటే ఆమెకు ఆ కాగితం కావాలి. ఎంత కావాలో ఆమె చేతులే చెప్పాయి, కాగితం అంచు పట్టుకుని వదలలేదు.

"తప్పు అగాయ్," అంది చివరికి. "అదంతా తప్పు. ప్రోటీన్ లేకపోయినా వెలుగుతోంది."

జరిగింది మొత్తం చెప్పింది. గొట్టాలు, పెంకులు, ఖాళీ ఉంగరాలు. ఎలాంటి మనిషైనా అబద్ధమనో, మళ్ళీ చేసి చూడమనో అంటాడు. కదీర్‌కుల్ అవేమీ అనలేదు. ముందు లేచి తలుపు వేశాడు.

"ఇంకెవరికి తెలుసు?"

"ఇప్పటికి మనిద్దరికే."

"అయితే ఇద్దరి దగ్గరే ఉంటుంది. నాది నాది అని ఇన్నేళ్ళూ చెవిలో జోరీగలా మోగావు. ఇదిగో, ఇస్తున్నాను. తీసుకుని నోరు మూసుకో."

"లేనిదాన్ని ఇస్తున్నారు."

"నువ్వు నాకిచ్చినప్పుడు మాత్రం ఉందా? నువ్వు తెచ్చి చేతిలో పెట్టిందే కదా నేను వేసుకు తిరిగింది. అంట్లు కడిగినట్టు గొట్టాలు కడిగింది నేనా?"

ఆ మాటలో న్యాయం ఉంది. ఆయన నోటి నుంచి న్యాయమైన మాట రావడం ఆమె భరించలేకపోయింది. కాగితాన్ని బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. తీసుకుంటానని గానీ తీసుకోనని గానీ చెప్పలేదు. అదే ఆయన్ను ఆ రోజంతా కూర్చోనివ్వలేదు.

గురువారం సభలో పద్దెనిమిది మంది ఉన్నారు. గుమ్మానికి ఎదురుగా, గోడ వారగా ఉన్న పెద్ద కుర్చీలో కదీర్‌కుల్ కూర్చున్నాడు. పెద్దల స్థానం అది. బల్ల మీద నూనెలో వేయించిన పిండి బూర్సోకులు, జామ్, టీ. ఆ సభలో వయసు ప్రకారం మాట్లాడతారు. పెద్దాయన మొదట, ఆ తర్వాత కిందికి. పెద్దవాళ్ళు మాట్లాడిన దాన్ని చిన్నవాళ్ళు కాదనడం అక్కడ లేదు. ఉంసునై ఒక్కతే ఆ పద్ధతిని ఇన్నేళ్ళుగా చెడగొడుతూ వస్తోంది, ఎలాగూ ఆమె మాట ఎవరూ లెక్కచేయరు కాబట్టి చెల్లిపోయింది. ఆమె చంకలో నోటు పుస్తకం ఉంది. ఇమానాలీ ఆమెను చూడగానే అలవాటు ప్రకారం కలానికి మూత పెట్టాడు.

అల్మాటీ ఉత్తరం చదివారు. ఇక జవాబు గురించి మాట్లాడాలి. కదీర్‌కుల్ లేచాడు. ఆయన ఎప్పుడూ కూర్చునే మాట్లాడతాడు, అందుకని గదిలో గుసగుసలు ఆగాయి.

వయసు మీద పడుతోందనీ, మనసులో ఒక బరువు ఉండిపోయిందనీ ఆయన మొదలుపెట్టాడు. గొంతు కూడా కాస్త వణికించాడు. "పదకొండేళ్ళుగా మన ఉంసునై ఒక మాట అంటోంది. మీరు నవ్వారు. నేనూ నవ్వాను. ఈ రోజు అందరి ముందూ ఒప్పుకుంటున్నాను, ఆ పని ఆమెదే. ఆలోచన ఆమెది, ప్రయోగం ఆమెది, అంకెలు ఆమెవి. అందులో నాదంటూ ఉన్నది నా పేరు ఒక్కటే. చెల్లెలి లాంటిది, నన్ను క్షమించాలి."

ఎంత చక్కగా చేశాడో ఉంసునైకి ఆ క్షణంలోనే అర్థమైంది. ఆమె నోరు విప్పకపోతే ఆయన పెద్ద మనసున్న గురువు. విప్పిందా, తప్పు పూర్తిగా ఆమెది, ఆయన పాపం నమ్మి మోసపోయిన పెద్దమనిషి. పెద్దవాడు మొదట మాట్లాడే పద్ధతిని ఇంత బాగా వాడుకున్నవాడు ఆ దేశంలో మరొకడు ఉండడు. నాది కాదని ఆమె ఇప్పుడు అనడానికి వీల్లేదు. ఇన్నేళ్ళూ నాదే అని అరిచింది పద్దెనిమిది మందీ విన్నారు.

ఇదంతా అర్థమవుతుండగానే చప్పట్లు మొదలయ్యాయి. మొదట వెనక వరుసలో ఎవరో కొట్టారు, తర్వాత అందరూ కొట్టారు. ఇద్దరు ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఇన్నేళ్ళుగా గడియారం చూసుకున్నవాళ్ళు ఆమె మొహంలోకి సూటిగా చూసి చప్పట్లు కొట్టారు. ఇమానాలీ కలం పక్కన పడేసి రెండు చేతులా కొట్టాడు, అతని కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. ఉంసునై పుట్టి బుద్ధెరిగాక ఆమె కోసం ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెళ్ళిలో కూడా కొట్టింది పెళ్ళికొడుకు పాడిన పాటకు. ఆమె లేచి, ఆపండి అనవచ్చు. అనలేదు. అవి దేనికో ఆమెకు తెలుసు, అయినా ఆఖరి చప్పుడు ఆగేదాకా అలాగే కూర్చుని వింది. ఆ అర నిమిషానికి ఆమె తనను తాను ఎప్పటికీ క్షమించుకోలేదు, దాన్ని ఎవరికీ ఇచ్చేయనూ లేదు.

"ఇమానాలీ అన్నా, అగాయ్ అన్నది రాసుకున్నావా?" అని అడిగింది.

"మాట పొల్లుపోకుండా రాస్తాను చెల్లెమ్మా," అని అతను గబగబా రాశాడు.

"ఆయన చేత సంతకం పెట్టించు. ఇంతమంది ముందు అన్నారు కదా, అభ్యంతరం ఉండదు."

అభ్యంతరం ఎందుకుంటుంది? కదీర్‌కుల్ కళ్ళద్దాలు పెట్టుకుని, చదువుకుని, ఆ మూడు వాక్యాల కింద నిండుగా సంతకం చేశాడు. చేస్తూ ఆమె వైపు చూసి కొంచెం నవ్వాడు కూడా. తన మెడలోంచి తాడు తీసి ఆమె మెడలో వేసినవాడి నవ్వు అది.

అప్పుడు ఉంసునై నోటు పుస్తకం తెరిచి అంకెలు చదివింది. ప్రోటీన్ ఉన్నప్పుడు నలభై రెండు. ప్రోటీన్ లేనప్పుడు నలభై ఒకటి. ఏ జన్యువూ లేనప్పుడు ముప్పై ఏడు. మొదటి అంకెకు కొందరు తలలూపారు. మూడో అంకెకు ఎవరూ కదలలేదు. గొట్టాలు ఎలా కడిగిందో, ఎన్నిసార్లు కడిగిందో, ఎవరెవరికి నేర్పిందో ఒక్కటీ దాచకుండా చెప్పింది. నేర్చుకున్నవాళ్ళు అక్కడే కూర్చుని ఉన్నారు, వాళ్ళ మొహాలు మాడిపోయాయి. వాళ్ళ పదేళ్ళ పని కూడా ఆ గొట్టాల్లోంచే వచ్చింది.

కదీర్‌కుల్ విచారంగా తల ఆడించాడు. "నేనేం చెప్పను. నమ్మాను. ఆమె చేతుల మీద నాకంత నమ్మకం ఉండేది. పని ఆమెది, బాధ్యత కూడా ఆమే తీసుకోవాలి."

"తీసుకుంటున్నాను," అంది ఉంసునై. "తప్పు నాది. రాసుకో అన్నా, తప్పు ఉంసునైది. దాని కింద నేను సంతకం చేస్తాను. దాని తర్వాత ఇంకొక మాట కూడా రాయి. ఆ పనిలో తనది పేరు తప్ప ఏమీ లేదని అగాయ్ సంతకం చేశారు. అయితే ఆ పనికి అకాడెమీ పీఠం ఎవరికిచ్చారు? ఏం చేసినందుకు ఇచ్చారు? ఈ రెండు ప్రశ్నలూ రాసి, కాగితం అకాడెమీకి పంపు."

కదీర్‌కుల్ మొహంలో రంగు నెమ్మదిగా దిగింది. చెయ్యి చాచి బల్ల మీది కాగితం వైపు వంగాడు. ఇమానాలీ దాన్ని తన వైపు లాక్కున్నాడు. అంత ధైర్యం తనకెక్కడిదో అతనికే తెలియనట్టు బిక్కచచ్చిపోయి చూశాడు, కానీ వదలలేదు.

"అది రాయకు," అన్నాడు కదీర్‌కుల్. "నేను మర్యాదకు అన్నాను. ఒక ఆడకూతుర్ని గౌరవించాలని అన్న మాట అది. పని నేను కూడా చేశాను. ఆలోచన నాది."

"అలాగైతే తప్పు కూడా మీది," అంది ఉంసునై. "ఏదో ఒకటి తేల్చండి. నలభై రెట్లు ఎవరివి?"

ఆయన నోరు తెరిచాడు. పద్దెనిమిది మందీ ఆయన జవాబు కోసం చూశారు. ఎటు చెప్పినా ఒకటే. నాది అంటే పనికిమాలినవాడు, ఆమెది అంటే దొంగ. ఇంతకాలం ఏ సభలోనూ మాటకు తడుముకోని మనిషి నోరు అలాగే మూసుకున్నాడు. ఇమానాలీ రెండు ప్రశ్నలూ రాశాడు. ఉంసునై వచ్చి సంతకం చేసింది. అక్షరాలు వంకరపోయాయి.

సభ ముగిసిందని ఎవరూ చెప్పలేదు. జనం ఒక్కొక్కరే లేచి ఆమె వైపు చూడకుండా వెళ్ళిపోయారు. ఇందాక లేచి నిలబడి చప్పట్లు కొట్టిన ఇద్దరు ఆడవాళ్ళు అందరికన్నా ముందు వెళ్ళారు. ఉంసునై వాళ్ళను తప్పుపట్టలేదు. ఇంట్లో అద్దంలో తన మొహం చూసుకోవడానికే ఆమెకు మొహం చెల్లడం లేదు.

కదీర్‌కుల్ ఆఖర్న లేచాడు. టోపీ పెట్టుకుని గుమ్మం దగ్గర ఆగాడు. ముసలితనం ఆ గంటలోనే వచ్చినట్టు గోడ పట్టుకున్నాడు.

"నన్ను పాతేయాలని నిన్ను నువ్వు కూడా పాతేసుకున్నావు. ఏం మిగిలింది నీకు?" అన్నాడు.

ఉంసునై బల్ల మీద కాగితాన్ని చూసింది. నిండైన సంతకం ఒకటి, వంకర సంతకం ఒకటి.

"మన ఇద్దరి పేర్లూ ఒకే కాగితం మీద ఉన్నాయి అగాయ్. ఇన్నేళ్ళూ నేనడిగింది అదే."

ఆయన వెళ్ళిపోయాడు. ఆమె ఆ కాగితాన్ని ఇమానాలీ ఫైలులో పెట్టేదాకా అక్కడే కూర్చుని ఉంది.